ఇల్లుబండికి ఒక రాత్రి బాడిగ

మా ఆడబిడ్డ నాగమణి నరసరావుపేటలో డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళకి క్లచ్ తొక్కడం, గేరు మార్చడం నేర్పింది తనే. అందరికీ బండి నేర్పి పంపిస్తున్నానే గానీ నేను మాత్రం కోటప్పకొండ దాటి పోలేదని ఆమె బాధ. కిందటేడు ఒక నూలుమిల్లు వాళ్ళు పనివాళ్ళని తిప్పే పాత వ్యాను అమ్మేస్తుంటే వెళ్ళి కొనేసింది. సీట్లు పీకించింది. రెండు పడక బల్లలు, ఒక గ్యాస్ పొయ్యి, నీళ్ళ డ్రమ్ము, అరచేయంత సింకు పెట్టించింది. కర్టెన్లు నేను కుట్టాను. మా ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుట్టడం నా పని. బండికి 'ఇల్లుబండి' అని పేరు పెట్టింది మా వీధివాళ్ళు.

అందులో సగం డబ్బు మా ఆయనది. చెల్లెలు అడిగిందని ఇచ్చాడు గానీ ఇచ్చిన మర్నాటి నుంచే దిగులు పట్టుకుంది. ఇంతలో, ఆ వ్యానులో టిఫిన్ బండి పెట్టుకుంటానని ఒకాయన వచ్చి మంచి ధర చెప్పిపోయాడు. ఇక మా ఆయన ఊరుకోలేదు. "బండిలో పడుకుంటే లాడ్జి ఖర్చు మిగులుతుందన్నావు కదా. ఒకసారి తిరిగి రా. మిగిలితే బండి నీది. మిగలకపోతే అమ్మేద్దాం" అన్నాడు. నాగమణి సరేనంది. తోడు నన్ను రమ్మంది. ఈ మాట విన్న రోజు నేను ఒక బ్లౌజు చేతిని తిరగేసి కుట్టాను, అంత సంబరం నాకు.

కర్ణాటకలోని కోలారుకే ఎందుకు బయల్దేరామంటే, ఇలాంటి బండ్లు నిలుపుకోవడానికని ప్రత్యేకంగా కట్టిన చోటు ఒకటి అక్కడ ఉందని నాగమణి ఫోనులో చూసింది. మా వైపు అలాంటిది లేదు. నాకైతే బంగారం తవ్విన ఊరు చూడొచ్చు కదా అని.

ముళబాగల్

పుంగనూరు దాటి కర్ణాటకలో అడుగుపెట్టగానే బోర్డుల మీద అక్షరాలు మారాయి గానీ మాట మారలేదు. ముళబాగల్లో బండి దిగి, కన్నడం రాదే ఎలాగా అనుకుంటూ హోటల్లోకి వెళ్తే సర్వరు "ఏం తింటారమ్మా, దోసె వేడిగా ఉండాది" అన్నాడు. 'ఉండాది' అనే మాట నా చెవికి ఎంత ముద్దుగా అనిపించిందో. ఆ రోజంతా ప్రతిదానికీ ఉండాది, ఉండాది అంటూ నాగమణి ప్రాణం తీశాను.

ముళబాగల్ దోసె గురించి చెప్పాలి. మన దోసెలాగా పళ్ళెం దాటి పోదు. చిన్నది, మందం, అంచులు ఎర్రగా, లోపల మెత్తగా ఉంటుంది. నెయ్యి పోశారో, నేతిలోనే వేశారో తెలియదు. బంగాళదుంప కూర పైన పెట్టి ఇచ్చే ఎర్ర కారం మాత్రం మన గుంటూరు నాలుకకి పరమాన్నమే. చట్నీలో ఇంకాస్త కారం ఉందా అని అడిగితే, ఆ సర్వరు నావైపు జాలిగా చూసి ఒక పచ్చిమిరపకాయ తెచ్చి పళ్ళెంలో పెట్టాడు. నాలుగు దోసెలు తిన్నాం. ఇద్దరం కలిసి కాదు, తలా నాలుగు.

తమక దగ్గర

కోలారు ఊరికి కాస్త ఇవతల, తమక దగ్గర్లో పెద్దరోడ్డు పక్కన ఉంది ఆ చోటు. గేటు తియ్యగానే నాగమణి బ్రేకు మీద కాలు వేసి అలాగే చూస్తూ ఉండిపోయింది. సిమెంటు చేసిన చదునైన గడులు, గడి గడికీ ఒక కరెంటు ప్లగ్గు, ఒక కుళాయి, సింకు నీళ్ళు వదలడానికి గొట్టం. మధ్యలో పచ్చగడ్డి. ఇలాంటివి ఉంటాయని ఫోనులో చూడటమే గానీ కళ్ళారా చూడటం ఇదే మొదలు. మా పక్క గడిలో ఉన్న బండిలో అయితే వెనక తలుపు తీస్తే స్నానాలగది కూడా ఉంది. ఆ బండి తాలూకు కుటుంబం మా వ్యాను వైపు చూసి నవ్వుకున్నా నాగమణి పట్టించుకోలేదు. కింద దూరి వాళ్ళ నీళ్ళ ట్యాంకు ఎలా బిగించారో చూసి వచ్చింది.

రాత్రికి పద్దెనిమిది వందలు అన్నాడు ఆఫీసులో కూర్చున్న కుర్రవాడు. సరే అనుకున్నాం. పొద్దున బయల్దేరేటప్పుడు కరెంటు వేరు, వేడినీళ్ళు వేరు, మనిషికింతని వేరు, ఆ పైన పన్ను. అన్నీ బోర్డు మీద ముందే రాసి ఉన్నాయి, మేమే చదవలేదు. మొత్తం ఇరవై నాలుగు వందల దాకా అయింది. ఆ డబ్బుకి మా ఊళ్ళో ఏసీ గది రెండు రాత్రులు వస్తుంది, మంచం మీద దుప్పటి కూడా వాళ్ళే వేస్తారు. మనం మన మంచం తీసుకెళ్ళి, మన దుప్పటి వేసుకుని, మన పొయ్యి మీద ఉప్మా చేసుకుని, వాళ్ళకి ఇంత ఇచ్చామన్నమాట.

ఆ కుర్రవాడు మర్యాదస్తుడే. గేటు దాకా వచ్చి సాగనంపాడు. దారిలో మా ఆయన ఫోన్ చేసి ఎంతయిందని అడిగితే, నాగమణి సిగ్నల్ లేదంటూ పెట్టేసింది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. మిగతా మూడు రాత్రులూ ఇలాగే అయితే బండి పోయినట్టే.

శ్రీనివాసపురం

కానీ శ్రీనివాసపురం దారిలో మౌనంగా ఉండటం ఎవరికైనా సాధ్యమేనా? రోడ్డుకి రెండువైపులా మామిడితోటలు. లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు, వాటన్నిటిలోనూ కాయలే. మండీ దగ్గర ఎండుగడ్డి మీద గుట్టలు గుట్టలుగా పోసి ఉన్నాయి. గాలి పీలిస్తే చాలు, కడుపు నిండుతోంది. మనం బంగినపల్లి అనేదాన్ని అక్కడ బేనీషా అంటారు. మనం కలెక్టరుకాయ అనేది అక్కడ తోతాపురి. బాదామి అని ఒకటుంది, దానికి మన దగ్గర సాటి చెప్పలేను. మా ఊళ్ళో రసాలు నోటితో చీకి తినే మనిషిని, కాయ కోసి పళ్ళెంలో పెట్టిస్తే మొదట నవ్వొచ్చింది. ముక్క నోట్లో వేసుకున్నాక నవ్వు రాలేదు.

అక్కడ కాయలు దింపుతున్న రైతు వెంకటరమణప్పతో మాట కలిసింది. బండి నిలుపుకోవడానికి చోటు ఎక్కడైనా బాడిగకి దొరుకుతుందా అని నాగమణి అడిగింది. ఆయన బండి లోపలికి తొంగి చూసి, పొయ్యి చూసి, పడక చూసి, "బాడిగేందమ్మా, మా తోట ఉండాది. వచ్చి నిలుపుకోండి. ఆడోళ్ళు రోడ్డు మీద పండుకునేది బాగుండాదా?" అన్నాడు. నాగమణి నా చెయ్యి నొక్కింది. ఒక్క రూపాయి లేకుండా ఒక రాత్రి. లెక్క మళ్ళీ మనవైపు తిరిగింది.

తోటలో ఒక పక్క ఇల్లు, దాని పక్కనే ఇంకో పొడవాటి గది. మేము ఆ పొడవాటి గది నీడన బండి నిలిపాం. ఆయన భార్య నరసమ్మ వచ్చి ఊటకి పిలిచింది, ఊట అంటే వాళ్ళ మాటలో భోజనం. మేమే వండుకుంటామని చెబితే ఆమె మొహం చిన్నబోయింది. ఇంటి ముందుకు వచ్చినవాళ్ళు వేరే పొయ్యి వెలిగించుకుంటే ఊళ్ళో ఏమనుకుంటారని అడిగింది. ఇంకేం చేస్తాం, వెళ్ళాం. రాగిసంగటి, ఉలవల చారు, పక్కన ఊరిబిండి అని ఒక పచ్చడి. సంగటిని నమలకూడదు, మింగాలని ఆమె పక్కన కూర్చుని నేర్పింది. నేను మూడోముద్దకి నేర్చుకున్నాను. నాగమణి చివరిదాకా నమిలింది.

తిని బండి దగ్గరికి వచ్చాం. చీకటి పడుతోంది, తోటలో దోమలు లేచాయి. నాగమణి దోమల చుట్ట వెలిగించి తలుపు దగ్గర పెట్టింది. నేను పక్క దులుపుతున్నాను. అంతలో నరసమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ చుట్టని కాలితో తొక్కి, దాని మీద చెంబెడు నీళ్ళు గుమ్మరించి, పొడవాటి గది కిటికీలు మూయడానికి పరుగెత్తింది. ఏం జరిగిందో మాకు అర్థం కాలేదు. వెంకటరమణప్ప వచ్చి చెప్పాడు. ఆ గది నిండా పట్టుపురుగులు ఉన్నాయట. ఇంకో నాలుగైదు రోజుల్లో గూళ్ళు కడతాయట. దోమల చుట్ట పొగ తగిలితే పురుగు బతకదట. అప్పు తెచ్చి పెట్టిన పంట అది.

"మీకు తెలీదు కదమ్మా. మేమూ చెప్పలేదు" అన్నాడాయన. గట్టిగా తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

నాగమణి బండి తీసి ఆవలి గట్టుకు పెడతానంది. నరసమ్మ ఒప్పుకోలేదు, ఇంట్లోకి రమ్మంది. మా ఇల్లుబండి తోటలో ఖాళీగా నిలబడి ఉంటే మేము వాళ్ళ నడింట్లో చాపల మీద పడుకున్నాం. పడుకున్నామే గానీ నిద్ర ఎక్కడిది? గోడ అవతల పురుగులు మల్బరీ ఆకు తింటున్న చప్పుడు సన్నటి చినుకులాగా వినబడుతూనే ఉంది. ఆ చప్పుడు ఆగిపోతుందేమోనని ఇద్దరం చెవులు రిక్కించి పడుకున్నాం.

ఆగలేదు. తెల్లవారాక నరసమ్మ మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి చూపించింది. తట్టల నిండా తెల్లటి పురుగులు, తలలు ఊపుకుంటూ ఆకులు తింటున్నాయి. గాలి అటు కొట్టలేదని, అన్నీ బాగున్నాయని చెప్పింది. నాగమణి కళ్ళు తుడుచుకుంది. తర్వాత నరసమ్మ ఒక పురుగుని తీసి నా అరచేతిలో పెట్టింది. చల్లగా, పట్టులాగే మెత్తగా ఉంది. ఇన్నేళ్ళుగా పట్టుగుడ్డ కత్తిరిస్తున్నానా, అది ఇక్కడ మొదలవుతుందని ఎన్నడూ ఆలోచించలేదు.

డబ్బిస్తే తీసుకోలేదు. పైగా ఒక బుట్ట బాదామి కాయలు బండిలో పెట్టారు. రోడ్డెక్కాక నాగమణి అంది: "వదినా, ఇంకెప్పుడూ ఎక్కడా డబ్బివ్వకుండా ఊరికే దిగను. డబ్బు తీసుకునే చోటైతే ఇది చెయ్యి, ఇది చెయ్యొద్దు అని వాళ్ళు ముందే చెబుతారు, మనమూ మొహమాటం లేకుండా అడుగుతాం. నిన్న ఆ రెండూ లేకే కదా ఇంత పని జరిగింది." నాకూ అదే అనిపించింది. అయితే పద్దెనిమిది వందలకి, ఊరికేకి మధ్యలో ఎక్కడో ఒక ధర ఉండాలి కదా, అది ఎవరు చెబుతారు?

బంగారుపేట

ఆదివారం పొద్దున బంగారుపేటలో పానీపూరి తిన్నాం. నవ్వకండి, ఆ ఊరు దానికే ప్రసిద్ధి. గ్లాసులో నీళ్ళు చూస్తే మంచినీళ్ళలాగా తేటగా ఉన్నాయి. మోసం చేస్తున్నాడనుకుని నాగమణి బండివాడితో వాదం పెట్టుకోబోయింది. ఒక పూరీ నోట్లో పడ్డాక కళ్ళ వెంట నీళ్ళు, ముక్కు వెంట నీళ్ళు. ఆకుపచ్చ రంగు లేకుండా ఆ కారం, ఆ పులుపు నీళ్ళలోకి ఎలా వచ్చాయో అడిగితే అతను చెప్పలేదు. ఇంకో ప్లేటు ఇచ్చాడు.

రాబర్ట్‌సన్‌పేట

బంగారం తవ్విన ఆ కేజీఎఫ్ అంటే గనులు, గుట్టలు, ఎడారి అనుకుని వెళ్ళాను నేను. అక్కడి రాబర్ట్‌సన్‌పేట బజారు చూసి నోరు వెళ్ళబెట్టాను. నగల దుకాణాలు, బియ్యం కొట్లు, బట్టల కొట్లు, సినిమా హాళ్ళు, మల్లెపూల బుట్టలు. బంగారం తవ్వడం ఆగిపోయి చాలా ఏళ్ళయినా, ఆ వీధిలో బంగారం కొనేవాళ్ళు మాత్రం ఆగలేదు. ఒక బట్టల కొట్లో లైనింగు గుడ్డ బేరం చేశాను. కొట్టు యజమాని శెట్టిగారు నాతో తెలుగు, పక్కన ఉన్నామెతో తమిళం, ఫోనులో కన్నడం, ముగ్గురితోనూ ఒకే ఊపిరిలో మాట్లాడారు. మీటరుకి మా ఊరికంటే ఎనిమిది రూపాయలు తక్కువ. ఆరు మీటర్లు చింపించాను.

ఎక్కడ దిగారని అడిగారు ఆయన. ఇంకా దిగలేదని చెబితే, ఆ వీధి చివర లాడ్జిలో గది ఆరువందలకి ఇస్తారని చెప్పారు. ఆ మాట వినగానే నేను నాగమణి మొహం చూశాను. ఆమె నా మొహం చూడలేదు. మంచి లాడ్జి గది ఆరువందలకి దొరికే ఊళ్ళో ఇల్లుబండి ఎందుకని మా ఆయన అడిగితే ఏం చెబుతాం? నిజం చెప్పొద్దూ, రాత్రి నిద్ర లేని నాకు ఆ గది మీద మనసు పోయింది. నాగమణి మాత్రం శెట్టిగారిని చదునైన నేల ఎటువైపు దొరుకుతుందని అడిగింది. చాంపియన్ రీఫ్స్ వైపు పోండి, జాగాకేం తక్కువ లేదన్నారాయన.

చాంపియన్ రీఫ్స్

దూరం నుంచే కనబడ్డాయి ఇనుప గోపురాల్లాంటి కట్టడాలు, పైన పెద్ద చక్రాలతో. వాటి కిందే గని నోళ్ళు. ఆ చక్రాలు తిరిగితే మనుషులు భూమిలోకి దిగేవారు. ఇప్పుడు తిరగడం లేదు. చుట్టూ గనివాళ్ళ ఇళ్ళు వరసలు వరసలుగా ఉన్నాయి, లైన్లు అంటారు వాటిని. వాటి వెనక బూడిదరంగు ఇసుక దిబ్బలు, ఒక్కోటి కొండంత ఎత్తు. బంగారం తీసేశాక మిగిలిన పొడి అదంతా. నేను ఇంత విచిత్రమైన చోటు చూడలేదు. బండి ఆపమని, దిగి చూస్తానని గోల పెట్టాను.

తప్పంతా నాదే. దిబ్బ అంచున చదునుగా ఉంది కదా అని నేనే చూపించాను. నాగమణి బండి దించింది. వెనక చక్రాలు రెండూ మెత్తటి ఆ పొడిలోకి మెల్లగా కూరుకుపోయాయి. డ్రైవింగ్ స్కూలు యజమానురాలు ముందుకీ వెనక్కీ ఎంత ఊపినా ఇంకాస్త దిగింది తప్ప పైకి రాలేదు. లైన్లలోంచి ఒక్కొక్కరే వచ్చారు. గోనెసంచులు తెచ్చి చక్రాల కింద పరిచారు, పది మంది పట్టి నెట్టారు. బండి బయటపడింది. మా అందరి తలలూ ఒకే రంగుకి వచ్చాయి.

నెట్టినవాళ్ళలో ఒకామె కొంగుతో మొహం తుడుచుకుంటూ మా దగ్గరికి వచ్చింది. యాభై దాటి ఉంటుంది, సన్నగా, నిటారుగా ఉంది. పేరు కామాక్షమ్మ. "ఈడ నిలపొద్దమ్మా. గాలొస్తే ఈ దుమ్మంతా మీ అన్నంలోనే ఉంటాది. మంచిది కాదు" అంది. మరెక్కడ నిలపాలని అడిగితే తన ఇంటి పక్కకి తీసుకెళ్ళింది. లైను చివరి ఇల్లు. పక్కనే గట్టినేల, మా బండిలాంటివి రెండు పట్టేంత. వెనక కొత్తగా కట్టించుకున్న స్నానాలగది.

నాగమణి బాడిగ ఎంతని అడిగింది. నేను శ్రీనివాసపురం జవాబు కోసం సిద్ధంగా ఉన్నాను. కామాక్షమ్మ ఒక్క క్షణం బండిని, మమ్మల్ని చూసింది.

"మున్నూరు రూపాయలు" అంది. "నీళ్ళు, బాత్‌రూమూ అన్నీ చేరి. కరెంటు తీగ ఇంట్లోంచి ఇస్తాను. ఊట కావాలంటే దానికి వేరే. నీళ్ళు ఒకదినం మార్చి ఒకదినం వస్తాయి, చూసి వాడుకోవాల. ఇష్టముంటే నిలపండి."

ఆమె మాట ముగియకముందే పక్కింటి సెల్వి గుమ్మంలోంచి అందుకుంది. ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన ఆడవాళ్ళ దగ్గర దుడ్డు అడుగుతావా, సిగ్గు లేదా అని తమిళం కలిసిన తెలుగులో నిలదీసింది. నలుగురూ చుట్టూ చేరారు. నెట్టినవాళ్ళలో ఒకాయన కూడా అవునన్నాడు, లైన్ల పరువు పోతుందన్నాడు. కామాక్షమ్మ మొహం ఎర్రబడింది కానీ గొంతు పెంచలేదు.

"అడిగేదే. గని మూసినప్పట్నించీ ఎంతమంది వచ్చినారు ఈడికి? చూసినారు, ఫోటోలు తీసుకున్నారు, పాపం అన్నారు, పోయినారు. మనకేం మిగిలినాది సెల్వీ? నేను అడుక్కునేది లేదు. జాగా ఇస్తాను, నీళ్ళిస్తాను, దుడ్డు తీసుకుంటాను."

నాగమణి పర్సు తీసి రెండు రాత్రులకని ఆరువందలు లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టింది. తమకలో ఇరవై నాలుగు వందలు ఇచ్చినప్పుడు బిగుసుకున్న ఆ చేతులు ఇప్పుడు ఎంత హాయిగా కదిలాయో నేను పక్కనుంచి చూశాను. తర్వాత అడగాల్సినవన్నీ వరసగా అడిగింది. దోమల చుట్ట వెలిగించవచ్చా అన్నది మొదటి ప్రశ్న. కామాక్షమ్మకి ఎందుకు అడుగుతోందో అర్థంకాక, వెలిగించుకోండి, నాకూ ఒకటివ్వండి అంది.

ఆ సాయంత్రం ఆమె బండి మెట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పింది. ఆమె తాతలు చిత్తూరు వైపు నుంచి గనిలో పనికి వచ్చారు. నాన్న, భర్త ఇద్దరూ అండర్‌గ్రౌండ్‌లోనే పనిచేశారు. చిన్నప్పుడు కింద ఎక్కడో రాయి పేలితే ఇంట్లో అలమారులో గిన్నెలు గలగలమనేవట. అప్పుడు ఆడవాళ్ళందరూ గని గేటు దగ్గరికి పరుగెత్తి, పైకి వచ్చే మొహాలు లెక్కపెట్టుకునేవారట. గని మూసేశాక భర్తకి జబ్బు చేసింది, ఆయన పోయాడు. ఇప్పుడు ఆమె, ఈ లైన్లలో చాలామందిలాగే, తెల్లవారకముందు రైలెక్కి బెంగళూరు పోతుంది. ఒక పెద్ద ఆఫీసులో నేలలు తుడుస్తుంది. తిరిగి ఇల్లు చేరేసరికి ఊరు పడుకుంటుంది. తన ఇంటి ముందు ఎండ ఎలా ఉంటుందో ఆదివారాలు తప్ప చూడదు. రైలు పాసు, టీ పోను రోజుకి మిగిలేది ఎంతో చెప్పింది. ఒక బండి బాడిగ కంటే ఎక్కువేమీ కాదు.

అది విన్నాక నాగమణికి ఇక కూర్చోబుద్ధి కాలేదు. నేల మీద పుల్లతో గీతలు గీసి, బండి ఎటు తిరిగి నిలవాలో, మురుగునీళ్ళు ఎటు వదలాలో చూపించింది. తమక దగ్గర చూసినవన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. అక్కడి బాడిగ విని కామాక్షమ్మ నమ్మలేదు, నన్ను అడిగి ఖాయం చేసుకుంది. నేను కొట్టులో కొన్న లైనింగు గుడ్డతో స్నానాలగదికి తెర కుట్టడానికి కూర్చున్నాను. చేతిసూదితోనే. ఆ ఉత్సాహం ముందు మిషన్ గుర్తు రాలేదు.

ఇంకా వెలుతురు ఉండగానే రోడ్డు మీద ఒక చిన్న వ్యాను వచ్చి ఆగింది. మైసూరు వైపు నుంచి వచ్చిన భార్యాభర్తలు, వాళ్ళ బండీ ఇల్లుబండే. దిగి గని చక్రాలకి ఫోటోలు తీసుకుంటున్నారు. కామాక్షమ్మ లేచి నిలబడింది. నాగమణి కూడా లేవబోతే నేను కొంగు పట్టుకుని ఆపాను. కామాక్షమ్మ ఒక్కతే రోడ్డు దాకా నడిచి వెళ్ళింది. కన్నడంలో ఏం మాట్లాడిందో మాకు వినబడలేదు. ఆమె చెయ్యి ఇంటివైపు, స్నానాలగది వైపు, చివరికి దిబ్బవైపు తిరగడం మాత్రం కనబడింది. ఆయన తల ఊపాడు. వ్యాను మెల్లగా తిరిగి మా పక్కకి వచ్చి నిలిచింది.

"నాల్నూరు చెప్పినాను" అంది కామాక్షమ్మ వచ్చి. "ఒప్పుకున్నారు." ఆ తర్వాత మంచినీళ్ళు అడిగి చెంబెడూ తాగేసింది.

తెల్లవారి రైలు

ఒక సాయంత్రానికి బతుకులు మారిపోవు. సోమవారం చీకటితోనే ఆమె సంచి భుజానికి తగిలించుకుని బయల్దేరింది. నాగమణి బండి తీసి స్టేషనుకి దించుతానంది. బండి లోపల పడక అంచున కూర్చుని, సింకు మీద చెయ్యి ఆనించి, కామాక్షమ్మ దారంతా నవ్వుతూనే ఉంది. ఆమె స్నేహితురాళ్ళు ప్లాట్‌ఫారం మీంచి చూసి కేకలేశారు. రైలు వచ్చింది. అప్పటికే నిండిపోయిన ఆ పెట్టెలోకి ఆమె ఎలా ఎక్కిందో నాకు అర్థం కాలేదు.

తిరిగి వచ్చేసరికి సెల్వి మా కోసం, మైసూరు వాళ్ళ కోసం కాపీ కాచి ఉంచింది. తాగాక గ్లాసులు తీసుకుంటూ, నేలవైపు చూస్తూ, గ్లాసుకి ఇరవై అంది. ఎంత చక్కటి కాపీయో. నేను రెండోది కూడా అడిగాను.

ఆ రోజంతా లైన్లలో తిరిగాం. ఒకాయన గని దీపం చూపించాడు. ఒక ఇంట్లో మా గోంగూర పచ్చడి రుచి చూసి, సీసా తిరిగి ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

ఇంటికి వచ్చాక మా ఆయన ఖర్చు అడిగాడు. నాగమణి ఏదీ దాచకుండా చెప్పింది. తమక లాంటి చోట్లే నిలిపితే బండి నష్టమేనని కూడా తనే ఒప్పుకుంది. ఆయన ఖర్చు సంగతి వదిలేసి గని గురించి అడగడం మొదలుపెట్టాడు, పట్టుపురుగుల గురించి అడిగాడు, పానీపూరి నీళ్ళ గురించి రెండుసార్లు అడిగాడు. టిఫిన్ బండి ఆయన వస్తే బండి అమ్మడం లేదని చెప్పి పంపేశాడు. బండిలో ఇప్పుడు మూడో పడక బల్ల బిగిస్తున్నారు.

పది రోజుల కిందట, ఒక బుధవారం మధ్యాహ్నం, కామాక్షమ్మ ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు ఆమె బెంగళూరులో ఉండాలి. ఒంట్లో బాగా లేదా అని అడిగాను.

"బాగుండానమ్మా. ఇంట్లోనే ఉండాను. రెండు బండ్లు వచ్చినాయి, శనివారం దాకా ఉంటారంట. ఈ వారం రైలుకి పోలేదు." తర్వాత సిగ్గుపడుతున్నట్టు గొంతు తగ్గించింది. "పొద్దున పని అయిపోయినాది. అన్నం తిని, తలుపు దగ్గిర చాప ఏసుకోని పండుకున్నాను. ఇప్పుడే లేసినాను."